తలుపెనుక కాయితం

పోయిన వారం మీరు నన్ను కాన్ఫరెన్స్ రూం తలుపు కాడ నిలవెట్టి పత్రిక మూసిన్రు. మీదేం పోయింది, అన్నం తిని పండుకున్నరు. నేను మాత్రం ఏడు రోజుల సంది ఆ తలుపు పిడి పట్టుకొనే ఉన్న. ఇగ లోపలికి పోదాం. కాకపోతే నడుమల వచ్చి కూసున్నోళ్లు కొందరుంటరు, వాళ్ల కోసం జర వెనక ముచ్చట చెప్త.

నా పేరు నవనీత. రాయదుర్గం మెట్రో కాడ ఒక అద్దాల బిల్డింగుల, ఐదో అంతస్తుల, వీడియో గేములు తయారుచేసే చిన్న కంపెనీల పని చేస్త. బొమ్మలు గీసేటోళ్లు వేరే, కోడింగ్ చేసేటోళ్లు వేరే. నేను ముందుకథలు రాస్త. గేముల వచ్చే ప్రతి మనిషి ఏడ పుట్టిండు, ఎవరంటే భయం, ఏం దాస్తుండు, ఇవన్నీ రాసుడు నా పని. మనిషికి రెండు పేజీలు. ఇప్పుడు చేస్తున్న గేము పేరు 'ఏడో అంతస్తు'. ఒక ఐటీ ఆఫీసుల సాయంత్రం నాలుగింటికి ఒక లాప్‌టాప్ మాయమైతది. ఆడేటోళ్లు ఆఫీసు సెక్యూరిటీ మనిషిలెక్క తిరిగి, పదిమందిని అడిగి, మూలమూల వెతికి, దొంగను పట్టాలె.

ఆ పదిమంది కాక పదకొండో మనిషి ఒకతి ఉన్నది. హౌస్‌కీపింగ్ ఆమె. గేము మొత్తంల ఒక్కసారి కనపడదు. మొఖం లేదు, గొంతు లేదు, పేరు సుత లేదు. కారిడార్ల తడి నేల, దాని పక్కన పసుపు బోర్డు, వాష్‌రూం తలుపెనుక అంటిచ్చిన కాయితం మీద గంటగంటకు ఒక సంతకం, గంతే. ఆమెకు రెండు లైన్లు రాస్తే చాలన్నరు. నేను తొమ్మిది పేజీలు రాసిన. సత్తెమ్మ అని పేరు పెట్టిన. అది మా అమ్మ పేరని ఆఫీసుల ఎవరికీ తెల్వదు.

మొన్న బుధవారం శ్యామ్ గేము ముగింపు మార్చిండు. దొంగ ఆ హౌస్‌కీపింగ్ ఆమెనే అన్నడు. నా తొమ్మిది పేజీలు ఎవరూ చదవకుంటనే పక్కన పడ్డయి. శుక్రవారం సాయంత్రం ఐదింటికి గేము బయటికి పోవాలె. పోయే ముందు కథ సరిగ్గున్నదని నేను మెయిల్ పెట్టాలె, అది రూలు. నేను పెట్ట అన్న. పెట్టకపోతే ఉద్యోగం మీద ఆలోచించుకోవాల్సొస్తదని మర్యాదగ చెప్పిన్రు. అందుకే శుక్రవారం పొద్దున పదకొండింటికి మీటింగ్. ఇదీ కథ.

తలుపు తీసి లోపలికి పోయేసరికి బల్లకు అటు చివర నరసింహమూర్తి సారు కూసున్నడు. కంపెనీ ఆయనదే. అరవై దాటినయి, భీమవరం మనిషి, ఇదివరకు ఈ చుట్టుపక్కల ఆఫీసులల్ల అడ్మిన్ పనులు చూసి చూసి, అందరు రిటైరయ్యే వయసుల ఈ కంపెనీ తెరిచిండు. ఎప్పుడు ఎదురైనా టీ తాగినవామ్మా అని అడిగే మనిషి, ఆ రోజు అడగలే. ఆయన ముందట కొన్ని కాయితాలు బోర్లిచ్చి ఉన్నయి. వాటి మీద చెయ్యి పెట్టుకొని కూసున్నడు.

పక్కన శ్యామ్. రాజమండ్రి పిలగాడు, గేము మొత్తం ఆయన ఆలోచనే. చెడ్డోడు కాదు, అదే నా బాధ. చెడ్డోడైతే కొట్లాడుడు అల్కగుంటుండె. నాకు జ్వరమొస్తే నా పని సుత చేసి, చేసిన్నని చెప్పుకోని మనిషి.

శ్యామ్ మంచిగనే మొదలుపెట్టిండు. ఆడేటోళ్లు గేము పొడుగున ఆ తడి నేల మీద నడుస్తరట, ఆ పసుపు బోర్డు పక్కకెళ్లి పోతరట, ఆమె గురించి ఒక్కసారి సుత ఆలోచించరట. చివరికి ఆమెనే దొంగ అని తెలిసేసరికి సిగ్గుపడ్తరట. మనం పట్టించుకోని మనుషుల గురించి సమాజానికి ఇది పెద్ద మెసేజ్ అన్నడు. మొఖంల నిజాయితీ ఉన్నది. ఆయన నిజంగనే నమ్ముతున్నడు.

ఆఫీసుల నేను జర సాఫ్ చేసుకొని మాట్లాడ్త. లింగంపల్లి భాష లింగంపల్లిలనే దించి వస్త. ఆ రోజు దించుడు మర్చిపోయిన.

"ఆమెను మీరు చూడలే. అది మీ తప్పు. మరి దొంగతనం ఆమె మీదకెట్ల వచ్చింది, శ్యామ్? చూడనోనికి సిగ్గు, కనపడనామెకు జైలు. ఇదేం మెసేజ్?"

శ్యామ్ తల గోక్కున్నడు. కథల తప్పేమీ లేదు, సాక్ష్యం ఉన్నదన్నడు. సరిగ్గా నాలుగింటి గడిల ఏడో అంతస్తు కాయితం మీద ఆమె సంతకం ఉన్నది. అడిగితే ఆ టైముకు అక్కడ లేనన్నదని గేముల ఒక రిపోర్టు మీద రాసి ఉంటది. లేకపోతే సంతకం ఎవరు పెట్టిన్రు? గేము ఆఖరి మాట సుత రాసి పెట్టుకున్నడు, సంతకం అబద్ధం చెప్పదు అని. ఆ మాట చదివినప్పుడల్లా నా కడుపుల మండుతది.

ఎందుకు మండుతదో మీకు చెప్త. రూంల వాళ్లకు చెప్పలే.

పదమూడేండ్ల కింద మా అమ్మ ఇదే రోడ్డు మీద ఒక ఆఫీసుల హౌస్‌కీపింగ్ చేస్తుండె. నారాయణఖేడ్ నుంచి వచ్చి అప్పటికి నాలుగేండ్లు. అంతకుముందు వేలిముద్ర పెట్టేది. ఈ పనిల గంటగంటకు సంతకం పెట్టాలంటే నేనే నేర్పిన. అప్పుడు నాకు పన్నెండేండ్లు, సంతకమంటే వంకరగ, అందంగ, ఎవ్వరూ కాపీ కొట్టరాకుంట ఉండాలె అనుకునేదాన్ని. స రాసి, దాని తోకను కిందికి గుంజి, తోక చివర ఐదు రేకుల పువ్వు వెయ్యమన్న. అమ్మ ఒక నోట్‌బుక్ నిండ పూలు పూయించింది. ప్రతి పువ్వుకూ రేకులు లెక్కపెట్టుకునేది, నాలుగే అయితే కొట్టేసి మళ్లీ వేసేది.

ఇగ ఆ సంతకాలు పెట్టుడు ఎట్లుంటదో ఆ పని చేసినోళ్లకే ఎరుక. కాయితం మీద పొద్దున తొమ్మిది నుంచి సాయంత్రం ఐదు దాకా తొమ్మిది గళ్లు. గంటకొకసారి కడగాలె, కడిగినంక గడిల సంతకం పెట్టాలె. కానీ ఆరుగురు ఆడోళ్లకు పెన్ను ఒక్కటే. అది సూపర్‌వైజర్ జేబుల ఉంటది. ఆయన పొద్దున ఒక్కసారి పై నుంచి కింది దాకా తిరుగుతడు. ఆ ఒక్కసారే పెన్ను చేతికొస్తది, అప్పుడే తొమ్మిది గళ్లూ నింపేస్తరు. మళ్లొచ్చి పెడ్తమంటే పెన్నుండదు, చేతులు తడిగుంటయి. ఇది మోసమని వాళ్లెవ్వరికీ తోచనే తోచలే. నింపుడు సుత పనిల భాగమే అనుకున్నరు.

ఒకనాడు ఆ ఆఫీసుల లాప్‌టాప్ పోయింది, నాలుగింటికి, ఏడో అంతస్తుల. అప్పుడు మా అమ్మ కింద సెల్లార్ల పైపుల పక్కన కూసోని అన్నం తింటున్నది, ఆ దినం ఆమెకు పగటన్నం అప్పటికి దొరికింది. తలుపెనుక కాయితం తెచ్చి ముందట పెట్టిన్రు. నాలుగింటి గడిల పువ్వున్నది. సంతకం నిజమైతే దొంగవు, అబద్ధమైతే మోసగత్తెవు, ఏదో ఒకటి ఒప్పుకో అన్నరు. మూడు గంటలు నిలవెట్టిన్రు. ఆమె సంచి, టిఫిన్ డబ్బా టేబుల్ మీద బోర్లిచ్చిన్రు. చివరికి దొంగ అని కాయితం రాసి గేటు బయటికి పంపిన్రు, ఆ కాయితం ఏజెన్సీలన్నిటికీ పోయింది. ఇంక ఏ బిల్డింగుల సుత మా అమ్మను మెట్లు ఊడ్వనియ్యలే. అప్పటి సంది లింగంపల్లిల జొన్నరొట్టెలు చేసి హాస్టళ్లకు వేస్తది. ఎన్నడన్నా నేను పెన్ను ఇస్తే సంతకం పెట్టదు. వేలు చూపిస్తది.

నా తొమ్మిది పేజీలల్ల ఇదే రాసిన. ఊరు మార్చిన, పువ్వు తీసేసిన, తతిమ్మదంతా ఉన్నదున్నట్టే.

రూంల వాళ్లకు ఈ ముచ్చట ఎందుకు చెప్పలేనంటే, బల్లకు ఈ చివర బుచ్చమ్మక్క నిలబడి అద్దాలు తుడుస్తున్నది. మా బిల్డింగు హౌస్‌కీపింగ్ ఆమె. మేము ముగ్గురం అరగంట సంది హౌస్‌కీపింగ్ ఆమె దొంగనా కాదా అని వాదులాడుతుంటే, ఆమె మా పక్కనే ఉన్నది. ఎవ్వరూ బయటికి పొమ్మనలే, ఉన్నదని ఎవరికీ గుర్తు లేక. కాయితాలు పొద్దున్నే నింపేస్తరని నేను నోరు జారితే ఆ మాట మా బిల్డింగు హౌస్‌కీపింగ్ సూపర్‌వైజర్ లింగమూర్తి చెవుల పడ్తది, తన మీదికి రాకుంట తప్పు ఈమె మీదికి తోస్తడు, రేపు బుచ్చమ్మక్క గేటు బయట ఉంటది. పేజీలల్ల అది ఏదో ఊరి కథ, ఈడ నోటితోని అంటే ఈ బిల్డింగు ముచ్చటైతది. మా అమ్మను గెలిపిచ్చెటందుకు ఇంకొకామెను ముంచుడు నాతోని కాదు. అందుకని సంతకం ఒక్కటే సాక్ష్యం కాదని మళ్లీ మళ్లీ అంటున్న, ఎందుకు కాదంటే చెప్పలేకపోతున్న. శ్యామ్ ఓపికగ నవ్విండు. నాకు కండ్లల్ల నీళ్లొచ్చే కోపమొచ్చింది.

బుచ్చమ్మక్క చేతిల బట్ట బకెట్ల వేసింది.

"సారూ, నడుమల మాట్లాడుతున్న, ఏమనుకోకున్రి. ఆ కాయితం గట్ల కాదు."

శ్యామ్ గోడ మాట్లాడినట్టు ఉలిక్కిపడ్డడు. నేను వద్దక్కా అని చెయ్యి ఊపిన. ఆమె నా దిక్కు చూడనే చూడలే. చక్కగ బయటికి పోయింది, వాష్‌రూం తలుపు చప్పుడైంది, టేప్ పీకిన చప్పుడైంది, కాయితం తెచ్చి శ్యామ్ ముందట పరిచింది. ఆ దినం తారీఖు కాయితం. టైము పదకొండు నలభై. పన్నెండింటి గడిల సంతకం ఉన్నది. ఒంటిగంటకున్నది. నాలుగింటికున్నది. ఐదింటికి సుత ఉన్నది.

"పెన్ను ఒక్కటే సారు," అన్నది బుచ్చమ్మక్క. "పొద్దుగాల దొరుకుతది, మళ్ల దొరకదు. నాలుగింటికి నేను ఏడుంటనో నాకే ఎరుక లేదు. ఈ కాయితానికేమెరుక?"

పదమూడేండ్లయింది, మెట్రో వచ్చింది, ఫ్లైఓవర్లు వచ్చినయి, పెన్ను మాత్రం ఒక్కటే. నాకు నవ్వాలో ఏడ్వాలో తెల్వలే. లేచి బుచ్చమ్మక్క పక్కన నిలబడ్డ. ఈ కాయితం సంగతి ఈ రూం దాటితే, దీని పేరు మీద ఈమె పని పోతే, నా రాజీనామా ముందు అందుతదని చెప్పిన. మర్యాదగనే చెప్పిన గాని గొంతు పెద్దగైంది.

శ్యామ్ ఆ కాయితాన్ని చానా సేపు చూసిండు. మంచోడని చెప్పిన కదా, చెవులు ఎర్రగైనయి. కానీ మొండోడు సుత. మన బిల్డింగుల సంగతి వేరే, గేముల ఉన్నది వేరే అన్నడు. అది ఆయన ఊహించి రాసింది కాదట, నిజంగ జరిగిన కేసట. స్టోర్‌రూంల సారువి పాత ఆఫీసు ఫైళ్ల డబ్బా ఒకటుంటే, గేముల గోడల మీద అంటించెటందుకు కాయితాలు తీసుకోమని సారే అన్నడట. అండ్ల ఒక వాష్‌రూం కాయితం దొరికిందట, దానికి పిన్ను కొట్టి, దొంగతనం చేసినందుకు తీసేసినమని లెటర్ సుత ఉన్నదట. గేముల ఏడో అంతస్తు, నాలుగింటి టైము మొదలే ఆ ఫైళ్ల నుంచి తీసుకున్నడట, ఈ లెటర్ కంటవడ్డంక ముగింపు సుత మార్చిండట. చూడు కావాలంటే అని గేము తెరిచి పెద్ద స్క్రీన్ మీద వేసిండు.

నేను రాసేటప్పుడు గేముల ఆ తలుపెనుక కాయితం జాగల ఉత్త బూడిద రంగు చదరమే ఉండేది, అసలు కాయితం ఇంకా అతికియ్యలే. కొత్తది చూసుడు అప్పుడే. ఏడో అంతస్తు కారిడార్, తడి నేల, పసుపు బోర్డు, వాష్‌రూం తలుపు. శ్యామ్ తలుపు మూసిండు. వెనుక కాయితం. దగ్గరికి తీసుకొచ్చిండు. గోడంత పెద్దగైంది.

తొమ్మిది గళ్లు. తొమ్మిది పూలు.

ఒక్కొక్క పువ్వుకు రేకులు లెక్కపెట్టిన. ఐదు, ఐదు, ఐదు. రెండింటి గడిల నాలుగే రేకులు పడితే కొట్టేసి పక్కన మళ్లా వేసింది. ఎక్కడున్నా మా అమ్మ మా అమ్మే. పన్నెండేండ్ల వయసుల ఎవ్వరూ కాపీ కొట్టరాదని నేను కనిపెట్టిన సంతకం మా అమ్మను పట్టియ్యనీకె పనికొచ్చింది. ఇప్పుడు ఊరందరు ఆడుకునే ఆటల సాక్ష్యం అయింది.



ఆ లెటర్ మీద సంతకం ఎవరిదని శ్యామ్‌ను అడిగిన. శ్యామ్ సారు దిక్కు చూసిండు. నరసింహమూర్తి సారు కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టిండు. తన ముందట బోర్లిచ్చిన కాయితాలను మెల్లగ తిప్పి నా దిక్కు జరిపిండు. నా తొమ్మిది పేజీలు. అక్కడక్కడ పెన్నుతోని గీతలున్నయి. సెల్లార్, పైపులు, టిఫిన్ డబ్బా, మూడు గంటలు.

"రాత్రి చదివానమ్మా," అన్నడు. "మూడు గంటలు నిలబెట్టారని రాశావు. అది ఆ గదిలో ఉన్నవాళ్లకి తప్ప ఎవరికీ తెలియదు. సత్తెమ్మ నీకు ఏమవుతుంది?"

"మా అమ్మ."

బుచ్చమ్మక్క నా మోచెయ్యి పట్టుకున్నది. శ్యామ్ తల చేతులల్ల పెట్టుకున్నడు. సారు మిగిలినోళ్లను కాసేపు బయట ఉండమన్నడు, నాతోని ఒక్కదానితోని మాట్లాడాలన్నడు. నేను ఒప్పుకోలే. మా అమ్మను దొంగ అన్ననాడు రూం నిండ మనుషులున్నరు, ఇప్పుడు సుత ఉండాలన్న. ముఖ్యంగ బుచ్చమ్మక్క ఉండాలన్న. ఇంకో కుర్చీ గుంజి ఆమెను కూసోమన్న. ఆ రూంల ఆమె కూసునుడు అదే మొదటిసారి. బకెట్ పక్కన పెట్టుకొని కూసున్నది.

నాకు ఒక్కటే అడిగేదున్నది. పదమూడేండ్లు మా ఇంట్ల అన్నం తినేటప్పుడు, పండుకునేటప్పుడు, మా అమ్మ తనలో తాను అడుక్కున్నది అదొక్కటే.

"సార్, ఆ లాప్‌టాప్ దొరికిందా?"

 ఆయన కిటికీల నుంచి బయటికి చూసిండు.

"దొరికిందమ్మా. మూడో రోజే."

మూడో రోజు. ఆ మూడో రోజు మా అమ్మ ఇంకో బిల్డింగు గేటు కాడ పని అడుగుతున్నది, సెక్యూరిటీ ఆయన లిస్టుల పేరు చూసి వెళ్లగొడుతున్నడు. నేను బడి నుంచి వచ్చి అమ్మ ఎందుకు పండుకున్నదని నాయినను అడుగుతున్న. దొరికినంక ఎందుకు పిలవలే అని అడిగిన. పిలిస్తే తప్పు ఒప్పుకోవాలి కదమ్మా అన్నడు, ఆ మాట తనకే చేదు తగిలినట్టు. తప్పు ఒప్పుకున్నోని ఉద్యోగం ఉండదని ఆనాడు భయపడ్డడట. ఆయన ఉద్యోగం నిలిచింది. తర్వాత కంపెనీ సుత పెట్టిండు.

"ఎవరి తాన దొరికింది సార్?"

ఆయన చెప్పబోయిండు. శ్యామ్ తలెత్తిండు. అప్పుడు నాకొకటి తట్టింది. ఈ జవాబు నాది కాదు. తొమ్మిది పేజీలు రాసిన మాత్రాన ఆ కథ నాదైపోదు, అది మోసినామెది. ఆమె పేరు లేకుంట, మొఖం లేకుంట, గొంతు లేకుంట ఈ కథ ఇప్పటికే ఒకసారి నడిచింది.

చెప్పకున్రి సార్, నాకొద్దు అన్న. ఫోను తీసి, లింగంపల్లికి కలిపి, స్పీకర్ల పెట్టి, బల్ల నడుమల పెట్టిన, గోడ మీది తొమ్మిది పూల కింద. మధ్యాహ్నం రొట్టెల టైము. ఎత్తంగనే చేతుల మధ్య పిండి తట్టే చప్పుడు వచ్చింది, తర్వాత ఏంది బిడ్డా ఈ ఏళల చేసినవ్ అన్నది అమ్మ.

"అమ్మా, ఒక సారు నీతోని మాట్లాడ్తడట. నీకు చెప్పాల్సిందొకటి ఉన్నదట."

నరసింహమూర్తి సారు ముందుకు వంగిండు.  "సత్తెమ్మా," అన్నడు, అంతే అన్నడు.

పిండి తట్టే చప్పుడు ఆగింది.  ఆ తర్వాత వచ్చిన గొంతుల వణుకు లేదు.

"నీ గొంతు మర్చిపోలే సారు. జర ఆగు. ఆనాడు మూడు గంటలు నిలవెట్టినవ్, ఈపారి నేను కూసోని వింట."

ఫోన్ల పీట గుంజిన చప్పుడైంది. పొయ్యి బంద్ చేసిన చప్పుడైంది.

"ఆ. ఇగ చెప్పు."